రాత్రి రెండింటికి గోళ్ళ చప్పుడు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా కుక్కకి 13 ఏళ్ళు దాటాయండి. రెండు నెలల నుంచి రాత్రిళ్ళు వాడు పడుకోడు, మమ్మల్ని పడుకోనివ్వడు. పదింటికి బాగానే పడుకుంటాడు, ఒకటిన్నరకో రెండింటికో లేచి ఇల్లంతా తిరగడం మొదలెడతాడు, నేల మీద గోళ్ళు టిక్కుటిక్కుమంటుంటే ఇక నాకు నిద్ర రాదు. ఒక్కోసారి ఊరికే మొరుగుతాడు, లేచి వెళ్ళి చూస్తే అక్కడ ఏమీ ఉండదు. పగలు మాత్రం ఎక్కడ పడితే అక్కడ గుర్రుపెట్టి నిద్ర. కసిరితే కాసేపు ఊరుకుంటాడు, మళ్ళీ మొదలు. జాలీ వేస్తోంది, కోపమూ వస్తోంది. ఏదైనా నిద్రమాత్ర చెప్తారా?

జవాబు: కోపం వస్తోందని దాచకుండా రాశారు, రెండు నెలలు నిద్ర లేకపోతే ఎవరికైనా వస్తుందండీ. కానీ కసరడం మాత్రం ఇవాళ్టి నుంచే మానేయండి, వాడు కావాలని చేస్తున్నది కాదు. మాత్ర సంగతి తర్వాత చూద్దాం, ముందు ఎందుకు లేస్తున్నాడో తేలాలి. నొప్పితో లేచే కుక్కకి మత్తు మాత్ర వేస్తే నొప్పి అలాగే ఉంటుంది, పాపం అది మనకి తెలియజేసే ఓపిక మాత్రం పోతుంది.

లేచిన మొదటి రెండు నిమిషాలు గమనించండి, ఫోన్‌లో వీడియో తీస్తే ఇంకా మంచిది. క్లినిక్‌కి తీసుకొస్తే అన్ని కుక్కలూ హుషారుగానే కనిపిస్తాయి, ఆ వీడియో చూస్తే మీ వెటర్నరీ డాక్టర్‌కి సగం విషయం తెలిసిపోతుంది.

ముందు కాళ్ళు లేపి, వెనక కాళ్ళు కూడదీసుకుని లేవడానికి తంటాలు పడుతున్నాడా, పడుకోబోయి నాలుగుసార్లు చుట్టూ తిరిగి మళ్ళీ నిలబడిపోతున్నాడా? అయితే కీళ్ళ నొప్పులు అనుకోవచ్చు. కుక్కలు నొప్పి ఉందని కుయ్యోమని అరుస్తాయనుకుంటాం గానీ చాలా కుక్కలు చప్పుడు చేయవు, ఒక పక్కన పడుకోలేక లేచి తిరుగుతాయి అంతే.

లేవగానే తలుపు దగ్గరికో నీళ్ళ గిన్నె దగ్గరికో వెళ్తున్నాడంటే వేరే లెక్క. కిడ్నీలు, షుగర్, యూరిన్ ఇన్ఫెక్షన్, కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు, వీటిలో ఏదైనా కావచ్చు. పొద్దున కొలిచి నీళ్ళు పోయండి, మళ్ళీ పోసినప్పుడల్లా కొలత రాసుకోండి, మర్నాడు అదే టైముకి మిగిలింది తీసేసి లెక్క చూడండి. ఒంటి బరువు కిలోకి 100 మిల్లీలీటర్లు దాటి తాగుతోందంటే, అంటే 10 కిలోల కుక్క రోజుకి లీటరు పైన తాగుతోందంటే, అది మామూలు దాహం కాదు, బ్లడ్, యూరిన్ టెస్టులు చేయించాల్సిందే. రాత్రి లేస్తోంది కదా అని నీళ్ళ గిన్నె తీసేయడం మాత్రం వద్దు, కిడ్నీలు బాగోలేకపోతే ఆ పని కొంప ముంచుతుంది.

ఇక మీరు రాసినదాన్ని బట్టి నాకు ఎక్కువ అనుమానం మూడోదాని మీద. పగలు నిద్ర, రాత్రి మెలకువ, ఏమీ లేని చోట మొరగడం, ఇవి ముసలి కుక్కల మతిమరుపు జబ్బులో బాగా కనిపించేవి. మా ఇంట్లో 15 ఏళ్ళ ఆడకుక్క ఉండేది, తలుపు తెరుచుకునే వైపు కాకుండా బందులున్న వైపుకెళ్ళి, ఆ సందులో ముక్కు పెట్టి, ఎప్పుడు తీస్తారా అని నిలబడేది. మేం మొదట్లో నవ్వుకున్నాం, నేను డాక్టర్నై ఉండి కూడా నవ్వాను, అది తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మనుషుల్లో అల్జీమర్స్‌లో పేరుకునే అమైలాయిడ్ అనే ప్రోటీనే వీటి మెదడులోనూ పేరుకుంటుంది. 2001లో వచ్చిన ఒక పరిశోధనలో 11-12 ఏళ్ళ కుక్కల్లో 28 శాతానికి, 15-16 ఏళ్ళ వాటిలో 68 శాతానికి ఇలాంటి లక్షణాల్లో కనీసం ఒక్కటైనా కనిపించింది, కాబట్టి మీ వాడొక్కడే కాదు. దీన్ని ఖాయంగా చెప్పే బ్లడ్ టెస్ట్ లేదు, పైన చెప్పినవన్నీ కాదని తేల్చుకున్నాకే ఈ మాట అనాలి. సెలెజిలిన్ అని మందు ఉంది, డాక్టర్ చూసి రాస్తారు, కానీ పని చేస్తుందో లేదో తెలియడానికి వారాలు పడుతుంది, రెండ్రోజులకే లాభం లేదని ఆపేయకండి.

కారణం ఏదైనా ఇంట్లో చేయాల్సింది చాలా ఉంది, అది రాత్రి కాదు, పగలు. పొద్దున్నే ఎండలోకి తీసుకెళ్ళండి. ఒకేసారి గంట నడిపించకుండా పది పదిహేను నిమిషాల చొప్పున మూడు నాలుగుసార్లు తిప్పండి, ఎక్కడ ఆగి వాసన చూస్తానంటే అక్కడ ఆగనివ్వండి, ముసలి కుక్కకి ఆ వాసనలే పేపర్ చదువుకోవడం లాంటివి. సాయంత్రం కునుకు తీస్తుంటే మెల్లగా పేరు పెట్టి పిలిచి లేపండి, చెవులు వినపడకపోతే ఉలిక్కిపడి కరవగలదు కాబట్టి మీద చెయ్యి వేసి లేపకండి, పక్కన నేల మీద తట్టండి. మీరు పడుకోబోయే ముందు చివరిసారి బయటికి తీసుకెళ్ళండి, తలుపు తీసి వదిలేయడం కాదు, పోసిందో లేదో నిలబడి చూడాలి.

పరుపు మందంగా, అంచు ఎత్తు లేకుండా ఉండాలి. అక్కడి నుంచి నీళ్ళ దాకా, తలుపు దాకా కాలు జారని మ్యాట్లు వేయండి. చూపు తగ్గిన కుక్కకి చీకటంటే బెదురు, ఒక చిన్న నైట్ ల్యాంప్ ఉంచండి. సామాన్లు అటూ ఇటూ మార్చొద్దు. కుదిరితే దాని పరుపు మీ మంచం పక్కనే వేయండి, చాలా కుక్కలు మన ఊపిరి వినిపిస్తే తిరిగి పడుకుంటాయి. లేచినప్పుడు లైట్లన్నీ వేసి మాట్లాడుతూ కూర్చోకండి, బయటికి తీసుకెళ్ళి తీసుకొచ్చి పడుకోబెట్టండి, అంతే. అప్పుడు తినడానికేమైనా పెట్టారో, ఇక రోజూ రెండింటికి అలారం మోగినట్టే లేస్తుంది.

ప్రశ్న: ఇంట్లో మేం వేసుకునే నొప్పి మాత్ర సగం ముక్క వేయొచ్చా? నిద్ర కోసం వాడే మెలటోనిన్ జెల్లీలు కూడా ఉన్నాయి.

జవాబు: వద్దండీ, పావు ముక్క కూడా వద్దు. ఐబుప్రొఫెన్ కుక్కల కడుపులో పుండ్లు చేసి కిడ్నీలని దెబ్బ తీస్తుంది, పారాసెటమాల్ లివర్‌ని దెబ్బ తీస్తుంది. కుక్కలకని తయారుచేసిన నొప్పి మందులు వేరే ఉన్నాయి, అవి కూడా బ్లడ్ టెస్ట్ చూశాకే రాస్తాం. మెలటోనిన్‌ని డాక్టర్లు కొన్ని కుక్కలకి రాస్తారు, కానీ మీరు చెప్పే జెల్లీల్లో చక్కెర బదులు జైలిటాల్ కలిపి ఉండొచ్చు, అది కుక్క ఒంట్లో షుగర్‌ని ఒక్కసారిగా పడేస్తుంది, ప్రాణం మీదకి వస్తుంది. ఇప్పటికే ఏదైనా వేసేసి ఉంటే మొహమాటపడకుండా డాక్టర్‌కి చెప్పండి.

ప్రశ్న: మా 11 ఏళ్ళ కుక్క రాత్రిళ్ళు దగ్గుతూ లేచి కూర్చుంటుంది, ఆయాసపడుతుంది. వయసు వల్లేనా?

జవాబు: వయసు అని వదిలేయకండి, ఇది గుండె కావచ్చు. గాఢనిద్రలో ఉన్నప్పుడు పొట్ట పైకి లేచి దిగడం ఒకటిగా లెక్కపెట్టండి, నిమిషానికి 30 దాటి రోజూ ఉంటే ఈ వారమే చూపించండి. చిగుళ్ళు నీలంగా మారినా, మెడ చాచి నోరు తెరిచి ఊపిరి కోసం తంటాలు పడుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు. ఇప్పటికే గుండెకి ఫ్యూరోసమైడ్ వాడుతున్నట్టయితే అది మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే మందు, రాత్రి డోసు కాస్త ముందుకి జరపొచ్చేమో డాక్టర్ని అడగండి. మీ అంతట మీరు మార్చకండి.