కంప్యూటర్ దానంతట అదే రీస్టార్ట్ అవుతుంటే ముందు చూడవలసింది ఏమిటి?

విండోస్ రెండుసార్లు కొత్తగా వేయించినా మీ కంప్యూటర్ రోజుకు నాలుగైదుసార్లు దానంతట అదే ఆగి మళ్లీ మొదలవుతోందని, ఇప్పుడు మదర్‌బోర్డు మార్చమంటున్నారని రాశారు. దయచేసి అప్పుడే ఏదీ కొనకండి. మిర్యాలగూడలోని మా ఇంట్లో రెండేళ్ల కిందట ఇదే జరిగినప్పుడు, కారణం తెలుసుకోకుండానే ర్యామ్ మార్పించాను, విండోస్ వేయించాను. డబ్బు పోయింది గానీ జబ్బు పోలేదు.

అది ఆగిన ప్రతిసారీ సమయాన్ని, అప్పుడు ఇంట్లో ఏం జరుగుతోందో ఒక నోటుపుస్తకంలో రాయడం మొదలుపెట్టాకే నాకు దారి దొరికింది. వారం తర్వాత చూస్తే దాదాపు అన్నీ కరెంటు పోయిన క్షణాలు, లేదా బోరు మోటారు వేయగానే లైట్లు మసకబారిన క్షణాలు. కరెంటు పోయి ఇన్వర్టర్ బ్యాటరీకి మారే సందులో సరఫరా కొన్ని మిల్లీసెకన్లు తెగుతుంది; ఆ కాస్త ఖాళీని, కంప్యూటర్ భాగాలకు కరెంటును తగినట్టు మార్చి ఇచ్చే పెట్టె అయిన ఎస్ఎంపీఎస్‌లోని పెద్ద కెపాసిటర్లు తమలోని నిల్వతో పూడ్చాలి. మంచి ఎస్ఎంపీఎస్ పూర్తి లోడు మీద సుమారు 16 మిల్లీసెకన్లు నిలుస్తుంది, పాతబడిన కొద్దీ ఆ శక్తి తగ్గుతుంది. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్, మామూలు మోడ్ అని మీట ఉంటుంది. మామూలు మోడ్‌లో ఈ మార్పిడి ఆలస్యంగా జరుగుతుంది. మాది ఎన్నాళ్లుగానో మామూలు మోడ్‌లోనే ఉంది. మీట మార్చగానే సగం బాధ తీరింది.

మిగతా సగానికి కారణం ఎస్ఎంపీఎస్. మెకానిక్ పసుపు, నల్ల తీగల మధ్య మల్టీమీటర్ పెట్టి చూశారు. అక్కడ 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి, మాది పని ఎక్కువైనప్పుడు 11 దగ్గరికి పడిపోయేది. కొత్తది బిగించాక ఆ సమస్య మళ్లీ రాలేదు. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు కొంతసేపు నిలిచి ఉంటుంది కాబట్టి ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం మీరు విప్పవద్దు.

మీరూ ఇలాగే రాసి చూశాక ఆ వేళలు కరెంటు పోయే, మసకబారే వేళలతో కలవకపోతే, సిస్టమ్ ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్‌లో స్టార్టప్ అండ్ రికవరీ తెరిచి, ఆటోమేటిక్‌గా రీస్టార్ట్ అయ్యే గడిలో టిక్కు తీసేయండి. ఆ తర్వాత విండోస్ లోపాన్ని తెలిపే నీలితెర వచ్చి నిలిచిపోతే దాని మీది కోడ్ రాసుకోండి. అప్పుడు డ్రైవర్లనూ ర్యామ్‌నూ అనుమానించాలి. రెండు ర్యామ్ ముక్కలుంటే ఒక్కోటిగా పెట్టి ఒక్కో రోజు నడిపి చూడండి. నీలితెర ఏదీ రాకుండా ఒక్కసారిగా నల్లబడితే అది ఎక్కువగా కరెంటు లోపమో వేడిమో అవుతుంది. మన దగ్గర మే నెలలో గదే 40 డిగ్రీలకు చేరుతుంది గనుక ప్రాసెసర్ ఫ్యాను దుమ్ము దులిపి, ప్రాసెసర్ వేడిని ఫ్యాను వైపు పంపేందుకు పూసే థర్మల్ పేస్టు ఎండిపోతే దాన్ని మార్పించడం ఎలాగూ మంచిదే. విండోస్ తనలో జరిగేవి నమోదు చేసే ఈవెంట్ వ్యూయర్‌లో కనబడే కెర్నల్-పవర్ 41 అనే నమోదు చూసి కంగారుపడకండి, సరిగా షట్‌డౌన్ కాకుండా ఆగిందని చెప్పడమే తప్ప ఎందుకు ఆగిందో అది చెప్పదు.

ఈ పరీక్షలన్నిటికంటే ముందు మీ ఫొటోలు, పట్టాదారు పాసుపుస్తకం స్కాన్లు వేరే డిస్కులోకి తీసుకోండి. ఏదైనా సేవ్ అవుతుండగా ఆగిపోతే ఆ ఫైలు చెడిపోవచ్చు. మా అమ్మాయి ప్రాజెక్టు రిపోర్టు అలాగే పోయింది.