రంగులన్నీ కలిశాయి, నడిమి అంకె మాత్రం పక్కకి తిరిగింది. క్యూబ్ పాడైందా?

గాజువాక నుంచి ఒకరు అడిగారు: పాప సుడోకు క్యూబ్‌లో ఆరు రంగులూ కలిపేసింది, ప్రతి ముఖం మీదా 1 నుంచి 9 అంకెలున్నాయి, రెండు ముఖాల్లో నడిమి 5 మాత్రం అడ్డంగా ఉంది, క్యూబ్ పాడైనట్టేనా అని.

పాడవలేదండీ. మామూలు రూబిక్స్ క్యూబ్‌లోనూ నడిమి ముక్కలు తిరుగుతూనే ఉంటాయి. అక్కడ ఒకటే రంగు కాబట్టి మనకి తెలీదు, అంతే.

మా మేనల్లుడికి ఇలాంటిదే జగదాంబ జంక్షన్ దగ్గర కొన్నాను. సుడోకు అన్నారు కదా అని వాడు కాగితం, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాడు. రంగులుంటే ఆ శ్రమ దండగ. మూల ముక్కకి మూడు రంగులు, అంచు ముక్కకి రెండు. ఎక్కడ ఉండాలో ఆ రంగులే చెప్పేస్తాయి, అంకెలు వాటంతట అవే సర్దుకుంటాయి. మిగిలేది ఆరు నడిమి అంకెలు ఎటు తిరిగి ఉన్నాయన్నదే. అవే 2048 రకాలుగా ఉండొచ్చు!

ఒక్క అంకే తలకిందులుగా ఉంటే సులువు. ఆ ముఖాన్ని పైన పెట్టుకోండి. కుడి పక్కని పైకి, పై వరసని సవ్యదిశలో, కుడి పక్కని కిందికి, పై వరసని మళ్లీ సవ్యదిశలో. ఈ నాలుగూ కలిపి అయిదుసార్లు చేస్తే అంకె నిలబడుతుంది, మిగతావన్నీ ఉన్నచోటికే వస్తాయి. మధ్యలో రంగులు చెల్లాచెదురవుతాయి, టెన్షన్ పడకండి.

మీ పాపకి వచ్చినట్టు రెండు అడ్డంగా ఉండి, అవి పక్కపక్క ముఖాలైతే, ఒకటి పైన, ఒకటి ఎడమ పక్కన వచ్చేలా పట్టుకోవాలి. నడిమి నిలువు వరసని మీ వైపు కిందికి దించండి, నడిమి అడ్డ వరసని కుడికి తిప్పండి, నిలువు వరసని పైకి లేపండి. ఇప్పుడు పై వరస సవ్యదిశలో ఒకసారి. మళ్లీ నిలువు వరస కిందికి, అడ్డ వరస ఈసారి ఎడమకి, నిలువు వరస పైకి. చివరగా పై వరస అపసవ్యదిశలో. ఎడమ అంకె సవ్యంగా, పై అంకె అపసవ్యంగా పావు వంతు తిరుగుతాయి. ఏదైనా తలకిందులైతే పైన చెప్పిన అయిదుసార్ల పద్ధతి ఉండనే ఉంది.

అడ్డంగా ఉన్నది ఒక్కటే అయితే మాత్రం ఎంత తిప్పినా రాదు. ఎవరో నడిమి మూత ఊడదీసి పక్కకి పెట్టారన్నమాట. గోటితో తీసి సరిగ్గా నొక్కేయండి. మా ఇంట్లో ఆ పని ఎవరు చేశారో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోలేదు.

ఒకే రంగులో, ఉత్త అంకెలతో ఉండే క్యూబ్ సంగతి వేరు. దానికి మాత్రం ఏ ముఖం మీద ఏ అంకె ఎక్కడో ముందు కాగితం మీద తేల్చుకోవాలి.