పసిమాటలు రాయాలంటే

అమ్మాయీ,

మీ బాబు మాటలు నేర్చుకుంటున్న తీరు మీద నువ్వు పంపిన కాగితాలు చదివాను. ప్రేమ నిండుగా ఉంది. బాబు మాత్రం ఎక్కడా వినపడలేదు. "వచ్చీరాని మాటలు", "ముద్దుముద్దు పలుకులు", "చిలకపలుకులు" అని పేజీల నిండా రాశావు గానీ, వాడు అన్న మాట ఉన్నదున్నట్టు ఒక్కటీ లేదు. ఆ వర్ణనలు ఏ బిడ్డకైనా సరిపోతాయి. నిన్న సాయంత్రం గుమ్మం దగ్గర నిలబడి వాడేమన్నాడో అది వాడిదొక్కడిదే. అది రాయి.

చిన్న నోటుబుక్కు ఒకటి చేతికందే చోట పెట్టుకో. అన్న మాట అన్నట్టు పది నిమిషాల్లోపు కాగితమెక్కాలి. రాత్రికి చూద్దాంలే అనుకున్నావా, నీకు తెలియకుండానే నీ బుర్ర దాన్ని సరిదిద్దేస్తుంది. "అమ్మ పుత్తకం" అన్నది "అమ్మా, పుస్తకం ఇవ్వు" అయి కూర్చుంటుంది. చార్లెస్ డార్విన్ తన కొడుకు పసితనం మీద వ్యాసం అచ్చువేసింది 1877లో. ఆ నోట్సు రాసుకున్నది అంతకు 37 ఏళ్ళ ముందు. సరిగ్గా ఏడాది నిండినప్పుడు ఆ పిల్లవాడు తిండికి "మమ్" అని సొంతంగా ఓ మాట కల్పించుకున్నాడట. అడిగేటప్పుడు చివర ప్రశ్నలా సాగదీసేవాడట. ఆ సాగదీత సంగతిని డార్విన్ అప్పుడు రాసుకున్న మాటల్లోనే ఎత్తి రాశాడు. అప్పటికప్పుడు రాయకపోయి ఉంటే అది దక్కేది కాదు.

ఒక్కో మాటకీ నాలుగు సంగతులు నమోదు చెయ్యి. వాడి వయసు (ఏడాది పది నెలలైతే 1;10 అని), వాడు పలికిన ధ్వని, దానికి ముందు ఎవరేమన్నారు, తర్వాత ఏం జరిగింది. అర్థం ఇదీ అని నీకు తోచింది పక్కన విడిగా రాసుకో, కలిపెయ్యకు. మూడోదాన్ని దాదాపు అందరూ వదిలేస్తారు, అసలు కీలకం అక్కడే ఉంటుంది. ఈ వయసు పిల్లలు చాలామంది చేతులు చాచి "ఎత్తుకోనా" అంటారు. వాడు నిన్ను ఎత్తుకుంటానన్నాడని చదివేవాళ్ళు నవ్వుకుని ముందుకెళ్ళిపోతారు. కానీ నువ్వు రోజూ "ఎత్తుకోనా?" అని అడిగి మరీ పైకి లేపుతున్నావు కదా, వాడి లెక్కలో ఆ పనికి పేరే అది. క్రియ చివర 'నేను', 'నువ్వు' దాగి ఉంటాయని వాడికింకా తెలియదు. ముందు నువ్వన్నది కూడా రాస్తేనే ఇది కనబడుతుంది.

వీడియో జోలికి పోకు. ఫోను ఎత్తగానే పిల్లలు ఆట ఆపి దానివైపే చూస్తారు. వారానికో అరగంట గొంతు మాత్రం రికార్డు చేసి, విసుగు పుట్టించే చోట్లతో సహా మొత్తం రాసుకో. అరగంటకి మూడు నాలుగు గంటలు పడుతుంది, తప్పదు. ముద్దొచ్చినవే ఏరుకుంటే కథలో నవ్వించే పాత్ర మిగులుతుంది, పిల్లవాడు మిగలడు.

పలుకు తప్పులు రాసేటప్పుడు జాగ్రత్త. ప్రతి మాటనీ నత్తినత్తిగా రాస్తే చదవలేం, పైగా అది అబద్ధం. పిల్లల తప్పులకి ఓ పద్ధతి ఉంటుంది. 'ర' బదులు 'ల' అనే పిల్లవాడు కొన్నాళ్ళపాటు చాలా మాటల్లో అలాగే అంటాడు: రైలు 'లైలు', కారు 'కాలు'. వాడికి ఆ తేడా వినపడదనుకోకు. నువ్వు కూడా "లైలు" అని చూడు, కోపమొచ్చి "లైలు కాదు, లైలూ!" అంటాడు. చెవి ముందుంది, నాలుక వెనకబడింది. ఇలాంటి ఒక్క గుర్తు ఎంచుకుని దాన్నే నిలకడగా రాయి, మిగతావి మామూలుగా వదిలెయ్యి.

నీ కాగితాల్లో నాకు బాగా లోటనిపించింది 'వద్దు', 'లేదు', 'కాదు'. చాలా భాషల్లో ఈ మూడు పనులూ ఒకే మాట చేస్తుంది. మనకి వేర్వేరు, కాబట్టి తెలుగు రాసేవాళ్ళకి ఇది పెద్ద వరం. అక్కర్లేదని తోసెయ్యడం, ఉన్నది కనబడకపోతే చెప్పడం పిల్లలకి ముందు వస్తాయి. ఎదుటివాళ్ళన్నది తప్పనడం తర్వాతెప్పుడో వస్తుంది. బంతి మంచం కిందికి దొర్లిపోతే 'లేదు' అనడానికి ఖాళీ చోటు చూస్తే చాలు. నువ్వు పిల్లిని చూపించి కుక్క అంటే 'కాదు' అనాలంటే మాత్రం, నీ మాటని కాసేపు మనసులో నిలిపి, కళ్ళెదుట ఉన్నదానితో పోల్చి, నిన్ను కాదనాలి. అందుకే మొదట్లో ఒకదాని చోట ఇంకోటి వస్తుంది. మూడూ ఎవరి చోట అవి కుదురుకునే వారాలు కాస్త కనిపెట్టి చూడు. వాటి మీదే ఒక వ్యాసం రాయొచ్చు.

అంకెలతో పోటీ పెట్టకు. తొలి మాట ఏడాది అటూ ఇటూ, రెండు మాటల జతలు ఏడాదిన్నర నుంచి రెండేళ్ళ మధ్య; తేడాలు చాలా ఉంటాయి. కాకపోతే పదహారు నెలలకి ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్ళకి సొంతంగా రెండు మాటలు జతచెయ్యకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా, రాయడం పక్కనపెట్టి డాక్టరుకి చూపించాలి, వినికిడి పరీక్ష చేయించాలి.

ఇక చదువు సంగతి. "మా వాడు పుస్తకం చదివేస్తున్నాడు" అని రాశావు. ఆ వయసులో అది చదవడం కాదు, కంఠతా. నువ్వు ఒక వాక్యం దాటేస్తే పట్టుకుంటాడు, పేజీ తిప్పాల్సిన చోట తిప్పుతాడు. తెలుసుకోవాలంటే బొమ్మ మీద చెయ్యి అడ్డుపెట్టు, లేదా ఆ మాటనే తెల్లకాగితం మీద రాసి చూపించు. కంఠతాని తక్కువచేసి చెప్పడం లేదు. నల్లటి గీతలు ఎప్పుడు చదివినా అదే మాట పలుకుతాయని, చూపు ఎడమ నుంచి కుడికి నడుస్తుందని వాడు పట్టుకునేది అలాగే. చదవడమని మాత్రం రాయకు. తర్వాత అక్షరాలొచ్చినప్పుడు తప్పుల్ని వదలకు. ప, వ, మ, ష ఒకదానికొకటి తారుమారవుతాయి. 'మ'ని 'వ' అన్నాడంటే కుడిపక్క తోకని ఇంకా చూడలేదన్నమాట. "తప్పు చదివాడు" అనే కన్నా అది రాస్తే ఎంతో మేలు.

పేరు, స్నానం, జబ్బు, ఏడ్చి మారాం చేసిన రోజులు అచ్చుకి ఇవ్వకు. పెద్దయ్యాక వాడూ చదువుతాడు.

నెల రోజుల నోటుబుక్కు నిండాక, వ్యాసంగా మలచకుండా, కొట్టివేతలతో సహా ఉన్నదున్నట్టు పంపు. ఏ పేజీలో ఏముందో కలిసి చూద్దాం.

ఆశీస్సులతో.