తాడుకు ఉద్రిక్తత ఉంటుందా?

సందేహం: మా అబ్బాయి స్పేస్ ఎలివేటర్ (నేలకూ అంతరిక్షానికీ మధ్య కట్టిన తాడు మీద ఎక్కే లిఫ్టు అనే ఊహ) గురించి ప్రాజెక్టు చేస్తున్నాడు. వాడు చదివిన వ్యాసంలో ‘తాడులో ఉద్రిక్తత పెరుగుతుంది’ అని ఉంది. ఇది సరైన మాటేనా? టెన్షన్ అనే ఉంచేస్తే తప్పా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

సమాధానం: అమ్మా, చేంతాడంత మీ ఉత్తరాన్ని కుదించినందుకు ఏమీ అనుకోకండి. ఉద్రిక్తత ఊరేగింపులకీ పోలింగు బూతులకీ ఉంటుంది, తాడుకు ఉండదు. నిఘంటువులో కనబడ్డ మొదటి మాట తెచ్చి అతికించేస్తే ఇలాగే ఏడుస్తుంది.

తాడుకుండేది తన్యత. ‘తన్’ అంటే సాగదీయడం. సాగితే తంతువు, వీణకు బిగిస్తే తంత్రి, పందిరిగా పరిస్తే వితానం, తరాలుగా సాగితే సంతతి. లాటిన్ ‘తెందెరె’ కూడా ఈ ఇంటి ఆడపడుచే. దాని బిడ్డ టెన్షన్. అంటే మన తన్యతకు మేనత్త కూతురు! తాడు కూడా ఇందులోంచే వచ్చిందనేవారున్నారు, నేనొప్పుకోను. దాని పాత రూపం త్రాడు, అచ్చ తెలుగు. తాడిచెట్టుతోనూ దానికి చుట్టరికం లేదు. త్రాటి ముడిలో రకారం జారిపోయి తాటి ముంజె పక్కన చేరింది, అంతే.

ఇక తాడు సంగతి. 1895లో రష్యా శాస్త్రవేత్త త్సియోల్కోవ్‌స్కీ ఊహించింది నేలమీంచి లేచే బురుజు. 1960లో అక్కడి ఇంజనీరు ఆర్త్సుతానోవ్ పైనున్న ఉపగ్రహం నుంచి తాడు దింపుదామన్నాడు. తన్యత ప్రాణం మీదికొచ్చింది అక్కడే. మన లంకల్లో నూతి నీళ్లు పైపైనే ఉంటాయి గనక చేంతాడు సొంత బరువు ఎవరికీ పట్టదు. ఇక్కడ ఆ బరువే అసలు బరువు. భూమితో సమంగా తిరిగే ఉపగ్రహాలుండే 35,786 కిలోమీటర్ల ఎత్తు దాకా తన్యత పెరుగుతుంది, ఆపైన తగ్గుతుంది. అందుకే ఆ ఎత్తున లావుగా, చివరలకు సన్నగా పేనాలంటారు. అప్పుడు తన్యత మారుతున్నా ప్రతిబలం, అంటే తాడు మందానికి వాటాగా వచ్చే లాగుడు, ఒకేలా ఉంటుంది. ఉక్కు తీగైతే కొన్ని పదుల కిలోమీటర్లకే సొంత బరువుకు తెగుతుంది కాబట్టి కార్బన్ నానోట్యూబుల మీద, అంటే కర్బన పరమాణువులతో అల్లిన అతి సన్నని గట్టి గొట్టాల మీద, ఆశపెట్టుకున్నారు. తన్యతకీ ప్రతిబలానికీ కలిపి ఉద్రిక్తత అని రాస్తే కుర్రాడేం లెక్కకడతాడు?

పరీక్షలో తన్యతే రాయమనండి. నాకైతే బిగువు ఇష్టం, గీత కార్మికుడు మోకు బిగువు చూసుకునే చెట్టెక్కుతాడు. కానీ దానికి బింకమనే అర్థమూ ఉంది, గట్టిగా పట్టుబట్టలేను. టెన్షన్ అన్నా తప్పనను. మా మనవడూ అదే అంటాడు.