బీటెక్ ఆపేసి సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరతానంటున్నాడు, ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఖమ్మం. మా బాబు హైదరాబాద్‌లో సీఎస్‌ఈ రెండో సంవత్సరం. నాలుగు సబ్జెక్టులు ఉండిపోయాయి. ఇప్పుడు కాలేజీ మానేసి అమీర్‌పేటలో ఫుల్‌స్టాక్ కోర్సు (వెబ్‌సైట్‌ను పైకి కనిపించే పేజీల నుంచి వెనక నడిచే ప్రోగ్రాం దాకా మొత్తం తయారుచేయడం) చేస్తాడట. కంపెనీలు డిగ్రీ అడగడం మానేశాయంటున్నాడు. నిజమేనా? వాళ్లమ్మ సరిగా అన్నం కూడా తినడం లేదు.

జవాబు: ముందు ఆవిడను కడుపునిండా తినమనండి. నాలుగు బ్యాక్‌లాగ్‌లతో ఎవరి బతుకూ ఆగిపోలేదు. అలాంటివాళ్లు ఎంతోమంది ఆలస్యంగానైనా పాసై ఉద్యోగాలు చేసుకుంటున్నారు.

మీవాడి మాట పూర్తిగా అబద్ధం కాదు. అమెరికాలో ఐబీఎం చాలా ఉద్యోగాలకు డిగ్రీ నిబంధన ఎత్తేసింది. ఇక్కడ జోహో కంపెనీ ఇంటర్, డిప్లొమా అయినవాళ్లను సొంత స్కూల్లో చేర్చుకుని, స్టైపెండ్ ఇచ్చి, పని నేర్పి ఉద్యోగాల్లోకి తీసుకుంటోంది. కానీ అక్కడ కంపెనీయే పిల్లాడికి డబ్బిస్తుంది. మీవాడు చేరతానన్నచోట మీరు కట్టాలి. తేడా చూశారా?

అమీర్‌పేటను తక్కువ చేయను. అక్కడ జావా నేర్చుకుని అమెరికా వెళ్లినవాళ్లు మీ చుట్టాల్లోనూ ఉండే ఉంటారు. ఒక్కసారి అడిగి చూడండి, కోర్సులో చేరేనాటికే వాళ్లలో ఎక్కువమంది దగ్గర డిగ్రీ పట్టా ఉంది. పట్టాకు తోడుగా పని నేర్చుకున్నారు. పట్టా బదులు కాదు.

ఈ కోర్సుల మీద నాకున్న అనుమానాలు అన్నీ ఇన్నీ కావు. అక్కడి నుంచి వచ్చిన రెజ్యూమెలు పక్కపక్కన పెడితే తరచూ అవే రెండు ప్రాజెక్టులు కనిపిస్తాయి: ఒక షాపింగ్ సైట్ నకలు, వాతావరణం చెప్పే యాప్ ఒకటి. అందులో ఒక్క ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) మార్చమంటే చాలామంది నీళ్లు నములుతారు. ‘వంద శాతం ప్లేస్‌మెంట్’ బోర్డు పెట్టినవాళ్లను, ఏ కంపెనీ, ఎంత జీతం, రాకపోతే ఫీజు వాపసు ఇస్తారా అన్నది కాగితం మీద రాసిమ్మనండి. మాట మార్చేస్తారు. కొన్నిచోట్ల దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్లు కూడా పుట్టిస్తారు. అవి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికితే చేరిన ఉద్యోగం కూడా పోతుంది.

ఫ్రెషర్‌కు డిగ్రీ అక్కరకొచ్చేది ఇంటర్వ్యూలో కాదు, అంతకుముందే. ఆన్‌లైన్ ఫారంలో చదువు, పాసైన సంవత్సరం అని గడులుంటాయి. అక్కడ ఇంటర్ అని పెడితే చాలా పెద్ద కంపెనీల్లో దరఖాస్తు అక్కడితో సరి. రేపు అమెరికాలో ఎంఎస్ అన్నా డిగ్రీ కావాలి. అక్కడ ఉద్యోగానికి ఇచ్చే హెచ్1బీ వీసాకు డిగ్రీ లేకపోతే, ఒక ఏడాది చదువుకు మూడేళ్ల అనుభవం చొప్పున లెక్కగడతారు. నాలుగేళ్ల బీటెక్‌కు బదులు పన్నెండేళ్లన్నమాట.

బిల్ గేట్స్ చదువు మానేయలేదా అంటాడు. 1975లో ఆయన వదిలింది హార్వర్డ్‌ను. అప్పటికే అమ్ముకునే ప్రోగ్రాం చేతిలో ఉంది. మీవాడి చేతిలో ఉన్నవి నాలుగు బ్యాక్‌లాగ్‌లు.

ఇక మీతో ఒక మాట, కోపం తెచ్చుకోకండి. సీఎస్‌ఈ ఎవరి ఇష్టం? ఎదురింటి అబ్బాయి చేరాడని మీరు చేర్పించి ఉంటే, ఇవాళ వాడు ‘మానేస్తా’ అంటుంటే ఆశ్చర్యపోయే హక్కు మీకు లేదు. మొదటి సబ్జెక్టు పోయినప్పుడే మీతో చెప్పగలిగాడా, లేక తిడతారని దాచాడా? చాలా ఇళ్లలో ఈ ఫుల్‌స్టాక్ మోజు వెనకున్నది టెక్నాలజీ మీద ప్రేమ కాదు, మార్కుల మెమో చూపించాలంటే భయం.

నిజంగా ఇష్టముంటే దాచినా దాగదు. గిట్‌హబ్‌లో (రాసిన కోడ్ పెట్టుకునే వెబ్‌సైట్) సొంతంగా ఏం రాశాడో తెలిసినవాళ్లకు చూపించండి. సరుకుంటే, ఈ కాలేజీ వదిలినా ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ లాంటి దారులున్నాయి. అందులో మధ్యలో ఆగినా అప్పటిదాకా చదివినదానికి సర్టిఫికెట్, డిప్లొమా, డిగ్రీ అని మెట్లున్నాయి. సులువని మాత్రం అనుకోవద్దు, లెక్కలు అక్కడా వదలవు.

ఇంతకీ పోయిన నాలుగూ ఏ సబ్జెక్టులో మీరు రాయలేదు. మ్యాథ్స్ అయితే సెలవుల్లో మంచి ట్యూషన్ పెట్టించండి, సప్లీలో గట్టెక్కుతాడు, కోర్సు సాయంత్రాల్లో చేసుకోవచ్చు. పోయింది ప్రోగ్రామింగూ, డేటా స్ట్రక్చర్సూ అయితే మాత్రం అమీర్‌పేటలో ఫీజు కట్టకముందే వాణ్ని కూర్చోబెట్టి అడగండి, అసలు ఏ పని ఇష్టమని.