మీ ప్రశ్నలు – మా జవాబులు: ఆరో నంబరు వాలిన్ ఎవరిని తాకుతోంది?

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదువుతున్నాను. ప్రాజెక్టుకి సికిల్ సెల్ హిమోగ్లోబిన్ తీసుకున్నాను. బీటా గొలుసులో ఆరో అమైనో ఆమ్లం మారి వాలిన్ కావడమే జబ్బుకి మూలం అంటారు కదా, అందుకని పీడీబీ (ప్రొటీన్ ఆకారాల డేటాబేస్) నుంచి దాని ఫైలు 2హెచ్‌బీఎస్ దించుకుని, ఆ వాలిన్‌కి 4.5 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే మీటరులో వెయ్యికోట్లో వంతు) లోపల ఏ రెసిడ్యూలు, అంటే గొలుసులోని అమైనో ఆమ్లాలు, ఉన్నాయో స్క్రిప్టు రాసి వెతికాను. అదే గొలుసులో ముందూ వెనకా ఉన్నవి తప్ప ఇంకేమీ రాలేదు. ఫైల్లో నాలుగు గొలుసులున్నాయి, నాలుగూ వెతికాను. పైగా యూనిప్రాట్‌లో (ప్రొటీన్ వరుసల డేటాబేస్) చూస్తే ఆరో స్థానంలో ప్రోలిన్ ఉంది! గైడ్ గారిని అడగాలంటే టెన్షన్. తప్పెక్కడ? – ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: ముందు ప్రోలిన్ గొడవ తేల్చేద్దాం, అది చిన్నది. యూనిప్రాట్ వరుస మిథియోనిన్‌తో మొదలవుతుంది, ఆ మిథియోనిన్ కణంలో గొలుసు తయారవుతుండగానే తెగిపోతుంది, అందుకే పీడీబీ ఫైలు దాన్ని లెక్కలోకి తీసుకోదు. మిథియోనిన్ వదిలేసి లెక్కపెట్టండి: వాలిన్, హిస్టిడిన్, ల్యూసిన్, త్రియోనిన్, ప్రోలిన్, ఆరోది గ్లుటమిక్ యాసిడ్. కలుపుకుంటే అదే ఏడోది అవుతుంది. ఇప్పటి జెనెటిక్ రిపోర్టుల్లో 7 అనీ, పాత పుస్తకాల్లో 6 అనీ కనిపించేది ఒకే మార్పు. రెండు చోట్ల నుంచి తెచ్చిన నంబర్లు కలిపి వాడేముందు అటూ ఇటూ నాలుగేసి అక్షరాలు పక్కపక్కన పెట్టి చూసుకోండి, సగం తలనొప్పి అక్కడే పోతుంది.

ఇక అసలు సంగతి. మీ స్క్రిప్టు బాగానే ఉంది, మీరు ఇచ్చిన ఫైలే చాలదు. నాలుగు గొలుసులంటే ఒక్క హిమోగ్లోబిన్ అణువు, అంటే మీరు దించుకున్నది బయలాజికల్ అసెంబ్లీ, ప్రొటీన్ ఒంట్లో పనిచేసే రూపం. మామూలుగా అది వాడటం మంచిదే, ఎక్కువ ప్రొటీన్లకి అదే వాడమని మేమూ చెబుతాం. కానీ సికిల్ సెల్ జబ్బు ఒక అణువు లోపల జరిగేది కాదు, ఒక అణువు ఇంకో అణువుకి అతుక్కోవడం వల్ల వచ్చేది. రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ బృందం 1949లో ఇది హిమోగ్లోబిన్ అణువులోనే ఉన్న తేడా అని చూపించింది, ఆ తేడా గ్లుటమిక్ యాసిడ్ పోయి వాలిన్ రావడమని 1950ల్లో వెర్నన్ ఇంగ్రామ్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. గ్లుటమిక్ యాసిడ్‌కి రుణావేశం ఉంటుంది, అణువు పైభాగాన నీళ్లలో హాయిగా ఉంటుంది. దాని చోట నీళ్లంటే గిట్టని వాలిన్ వచ్చి కూర్చుంది. హిమోగ్లోబిన్ ఆక్సిజన్ వదిలేయగానే పక్క అణువు బీటా గొలుసులో 85వ ఫినైల్ అలనిన్, 88వ ల్యూసిన్ కలిసి ఒక చిన్న గుంట చూపిస్తాయి, ఈ వాలిన్ పోయి అందులో ఇరుక్కుంటుంది. అలా ఒకదానికొకటి తగులుకుంటూ పోతే 14 పేటల పోగు తయారవుతుంది, ఎర్రకణం కొడవలిలా వంగేది ఆ పోగు వల్లే.

కాబట్టి పూర్తి ఫైలు, అంటే ఎసిమెట్రిక్ యూనిట్ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే కనీస భాగం) ఉన్నది దించుకోండి. అందులో రెండు అణువులు, ఎనిమిది గొలుసులు ఉంటాయి. వెతికేటప్పుడు ఒక అణువు గొలుసుల్ని రెండో అణువు గొలుసులతోనే పోల్చండి, సొంత గొలుసు వదిలేయండి. ఆ తర్వాత పైమాల్‌లో (అణువుల్ని తెరమీద చూపే సాఫ్ట్‌వేర్) సిమెట్రీ మేట్స్, అంటే ఆ భాగం చుట్టూ ఉండే నకళ్లు, కూడా తెప్పించి మళ్లీ చూడండి, ఎందుకంటే స్ఫటికంలో పక్కింటివాళ్లు ఫైల్లో రాసి ఉండరు. అప్పుడు కూడా కొన్ని వాలిన్లకి సున్నా వస్తుంది, కంగారు పడొద్దు. ఒక్కో అణువులో ఆరో నంబరు వాలిన్లు రెండున్నా ఈ అతుకులో పనిచేసేది ఒక్కటే, రెండోది ఖాళీగానే ఉంటుంది. ఇది రిపోర్టులో రాయండి, గైడ్ గారు సంతోషిస్తారు.

ప్రశ్న: కాంటాక్ట్ అంటే కొందరు 8 ఆంగ్‌స్ట్రామ్‌లు అంటారు, కొందరు 4.5 అంటారు. ఏది కరెక్టు? నా ప్రోగ్రామ్ కొన్ని రెసిడ్యూల దగ్గర ‘సీబీ (బీటా కార్బన్) లేదు’ అని ఆగిపోతోంది, ఎందుకని? – సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: రెండూ కరెక్టే, కొలిచేది వేరు. 8 అనేది రెండు రెసిడ్యూల బీటా కార్బన్ల (పక్కగొలుసులో మొదటి కార్బన్లు) మధ్య దూరం, ఆకారాన్ని ఊహించే పోటీల్లో వాడుకలో ఉన్న హద్దు. 4.5 అనేది హైడ్రోజన్ కాని ఏ రెండు పరమాణువుల మధ్యనైనా కనీస దూరం. మొత్తం మడత ఎలా ఉందో తెలియాలంటే మొదటిది చాలు. రోడ్డు అట్లాస్ వెనక ఊళ్ల మధ్య కిలోమీటర్ల పట్టిక ఉంటుంది చూడండి, కాంటాక్ట్ మ్యాప్ అచ్చం అదే, కాకపోతే దగ్గరివాటికి మాత్రమే చుక్క పెడతారు. స్ప్రింగులా చుట్టుకున్న ఆల్ఫా హెలిక్స్‌లో ఒకటో రెసిడ్యూ ఐదోదానితో హైడ్రోజన్ బంధం పెట్టుకుంటుంది కాబట్టి చుక్కలు కర్ణం పక్కనే పట్టీలా కనిపిస్తాయి. ఎదురెదురు దిశల్లో పోయే బీటా పోగులైతే (చాపుకుని ఉన్న గొలుసు ముక్కలు) కర్ణానికి అడ్డంగా గీత వస్తుంది. కాస్త అలవాటైతే మ్యాప్ చూసి ప్రొటీన్ ఏ తరహాదో చెప్పేయొచ్చు.

ఏది దేన్ని నిజంగా తాకుతోందో తేల్చాలంటే మాత్రం 8ని నమ్ముకోవద్దు. ఆర్జినిన్ చెయ్యి పొడుగు, దూరం నుంచే ఆస్పార్టిక్ యాసిడ్‌ని పట్టుకుంటుంది, వాటి బీటా కార్బన్ల దూరం 8 దాటిపోవచ్చు. ఏడు ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలోనే ఉండి చెరోవైపు తిరిగిన రెసిడ్యూలు కొన్ని ఒకదాన్నొకటి తాకనే తాకవు. సాల్ట్ బ్రిడ్జికి (ధన, రుణ ఆవేశాల మధ్య పట్టు) నైట్రోజన్, ఆక్సిజన్‌ల మధ్య 4 లోపు, హైడ్రోజన్ బంధానికి హైడ్రోజన్ ఇచ్చే పరమాణువుకీ తీసుకునేదానికీ మధ్య 3.5 లోపు అనేవి ఎక్కువమంది వాడే హద్దులు. డైసల్ఫైడ్‌లో రెండు గంధకాల దూరం సుమారు 2.05. మీరు ఏది వాడారో రాయకపోతే మీ అంకెలతో ఎవరికీ పనుండదు.

ఇక ప్రోగ్రామ్ ఆగేది గ్లైసిన్ దగ్గర, దానికి బీటా కార్బన్ ఉండదు. అక్కడ ఆల్ఫా కార్బన్ వాడమని ఒక షరతు పెట్టండి. గ్లైసిన్లు కాకుండా వేరేవాటి దగ్గర కూడా ఆగితే ఆ పక్కగొలుసు ప్రయోగంలో కనిపించక ఫైల్లో రాయలేదన్నమాట, అక్కడ ‘కాంటాక్ట్ లేదు’ అని రాసేయకండి.

ప్రశ్న: రెండు కార్బన్లు 2.1 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో కనిపించాయి. చాలా బలమైన కాంటాక్ట్ అనుకోవచ్చా? – బీటెక్ బయోటెక్నాలజీ, గుంటూరు

జవాబు: అనుకోకూడదు, అది ఢీకొట్టుకోవడం. కార్బన్, కార్బన్ బంధం 1.5 దగ్గర ఉంటుంది, బంధం లేకుండా పక్కపక్కన ఉండేవి మూడుంపావు, మూడున్నర దాకా జరుగుతాయి. మధ్యలో 2.1 అంటే మోడల్‌లో తప్పుంది, లేదా ఒకే పక్కగొలుసు రెండు భంగిమల్లో రాసి ఉంటే రెంటినీ కలిపి లెక్కేశారు. ఆల్టర్‌నేట్ లొకేషన్ కాలమ్‌లో ఏ, బీ అని ఉందేమో చూడండి. అందరూ బట్టీపట్టే రామచంద్రన్ ప్లాట్ పుట్టింది కూడా ఈ లెక్కతోనే. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్.రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ పరమాణువులు ఎంత దగ్గరికి రావచ్చో హద్దులు పెట్టుకుని (రెండు కార్బన్లకి మామూలుగా 3.2, మరీ తప్పకపోతే 3.0), ఏ కోణాల్లో గొలుసు తనకు తాను గుద్దుకోదో గీశారు. మన సిలబస్‌లో ప్లాట్ ఉంటుంది, ఈ హద్దుల పట్టిక ఉండదు. ఎందుకో మరి.

ప్రశ్న: మా ఆశ్రమ పాఠశాలలో ఇద్దరు పిల్లలకి సికిల్ సెల్ ఉంది. ఈ కాంటాక్టుల లెక్కలతో రోగికి ఒరిగేదేమైనా ఉందా? – ఉపాధ్యాయుడు, పాడేరు

జవాబు: ఉందండీ. పైన చెప్పిన గుంట అంచునే 87వ స్థానం ఉంది. బీటా గొలుసులో అక్కడ త్రియోనిన్ ఉంటుంది. తల్లి కడుపులో ఉన్నప్పుడు పిల్లలకుండే ఫీటల్ హిమోగ్లోబిన్‌లో, అంటే గామా గొలుసులో, అక్కడ గ్లుటమిన్ ఉంటుంది, దానివల్ల ఆ అతుకు సరిగ్గా కుదరదు. పుట్టిన కొన్ని నెలల దాకా సికిల్ లక్షణాలు బయటపడకపోవడానికి ఈ ఫీటల్ హిమోగ్లోబిన్ అండే కారణం. హైడ్రాక్సీయూరియా మాత్ర చేసే పనుల్లో ముఖ్యమైనది దాన్ని తిరిగి పెంచడం. 2023 డిసెంబరులో అమెరికా అనుమతించిన ఒక జీన్ థెరపీ అయితే 87లో గ్లుటమిన్ పెట్టిన బీటా గొలుసునే రోగి కణాల్లోకి ఎక్కిస్తుంది. దాని ధర 31 లక్షల డాలర్లు, కాబట్టి మన మన్యం పిల్లల దాకా వచ్చేది ప్రస్తుతానికి హైడ్రాక్సీయూరియానే. డాక్టరు పర్యవేక్షణలో, రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాలి. ఆక్సిజన్ తగ్గినప్పుడే ఆ గుంట తెరుచుకుంటుందన్నాం కదా, ఒంట్లో నీరు తగ్గినా ఎర్రకణంలో అణువులు దగ్గరపడి పోగులు త్వరగా కడతాయి. అందుకని ఆ పిల్లల్ని బడిలో నీళ్లు బాగా తాగనివ్వండి, క్లాసు మధ్యలో బాటిల్ తీసినా, బాత్‌రూమ్‌కి లేచినా కోప్పడొద్దు, చలికాలం పొద్దున్నే వ్యాయామానికి బయట నిలబెట్టొద్దు. జ్వరం వస్తే మర్నాటిదాకా ఆగకుండా ఆ పూటే ఆసుపత్రికి పంపండి.