వంటగది మార్పులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

వంటగది తిరిగి కట్టుకుంటున్నవారి నుంచి ఈ నెల ఉత్తరాలు బాగా వచ్చాయి. తలుపులకు ఏ రంగు వేయించాలని అడిగినవారే ఎక్కువ. రంగు నచ్చకపోతే రెండేళ్లకైనా మార్చుకోవచ్చును. గట్టు, సొరుగులు, గ్యాసు, నీటి గొట్టాల విషయంలో ఆ వెసులుబాటు ఉండదు కనుక అటువంటి ప్రశ్నలకే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది రాజమహేంద్రవరంలో ముప్పయ్యేళ్ల నాటి సొంత ఇల్లు. వంటగట్టు కింద కడప రాళ్లతో కట్టిన అరలు, పైన నల్ల గ్రానైట్ ఉన్నాయి. మాడ్యులర్ కిచెన్లు చేసే షాపువారు గట్టంతా పగలగొట్టి కొత్త పెట్టెలు పెట్టాలంటున్నారు. మా వడ్రంగి ఉన్న అరలకే తలుపులు బిగిస్తే చాలునంటున్నాడు. ఎవరి మాట వినాలి?

జవాబు: పగలగొట్టే విషయంలో మీ వడ్రంగి మాటే వినండి, తలుపులు చాలునన్న మాట మాత్రం వినవద్దు. కడప రాయికి చెద పట్టదు, ఎంత తడిసినా ఉబ్బదు. ఎంత ఖరీదు పెట్టి కొన్న ప్లైవుడ్‌కైనా అంతటి భరోసా ఉండదు. పైగా గ్రానైట్ బరువంతా ఆ నిలువు రాళ్ల మీదే ఆని ఉంటుంది కనుక వాటిని కదిలిస్తే పైబండ పగలవచ్చును. అది పగిలితే గ్రానైటుతో పాటు గోడ టైల్సు, సింకు గొట్టాలు కూడా మార్చవలసి వచ్చి, షాపువారి అంచనా కాగితంలో కనిపించని ఖర్చు అక్కడ మొదలవుతుంది. గట్టు మట్టంగా ఉండి, రాళ్లలో పగుళ్లు లేకుండా, ఎత్తు మీకు సరిపోతుంటే దానిని అలాగే ఉంచుకోండి.

ఎత్తు సరిపోయిందో లేదో తెలుసుకోవడం సులభమే. నిటారుగా నిలబడి మోచేతిని మడిచినప్పుడు, మోచేతికి నాలుగు నుంచి ఆరు అంగుళాల కిందుగా గట్టు ఉంటే కూరలు తరగడానికి నడుము వంగనవసరం లేదు. అయితే గట్టు మీద పెట్టుకునే స్టవ్వు స్థానంలో గ్రానైటులో దిగే హాబ్ పెట్టించుకుంటే, గిన్నె సుమారు నాలుగంగుళాలు కిందికి వస్తుందన్న సంగతి మరచిపోకండి. పొడవైనవారు ఉన్న ఇంట్లో పాత గట్టుకు హాబ్ బిగిస్తే వంట చేసినంతసేపూ నడుము వంచవలసి వస్తుంది. ఆ ఇళ్లలో మామూలు స్టవ్వే మేలు.

ఇక తలుపుల సంగతి. రెండడుగుల లోతున్న అరకు తలుపు మాత్రమే పెడితే వెనక వరుసలోని కందిపప్పు డబ్బా కోసం నేల మీద కూర్చుని చేయి చాచే అవస్థ ఇప్పటిలాగే ఉంటుంది, తలుపు తీయడం అదనపు పని అవుతుంది. కావలసినవి సొరుగులు. రాతికి సొరుగు పట్టాలను నేరుగా బిగించడం కష్టం కాబట్టి, రెండు వైపులా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు నిలిపి వాటికి పట్టాలు బిగిస్తారు. పట్టాకు ఒక్కో వైపు సుమారు 13 మిల్లీమీటర్లు కావాలి. అంటే 20 అంగుళాల అరలో దాదాపు రెండున్నర అంగుళాలు పోయి, సొరుగు వెడల్పు బయటి కొలతకు పదిహేడున్నర, లోపల పదహారున్నర అంగుళాల దాకా మిగులుతుంది. కంచాలు, డబ్బాలు పెట్టుకోవడానికి అది చాలు. 15 అంగుళాలకు తక్కువ ఉన్న అరల్లో మాత్రం సొరుగు కోసం పాకులాడకండి. చాటలు, పెనాలు, ట్రేలు నిలువుగా పెట్టుకోవడానికి వదిలేయండి. పాత రాళ్లు తిన్నగా నిలబడి ఉండవు గనుక ప్రతి అరనూ పైన, మధ్యన, కింద మూడు చోట్ల కొలిపించి, తక్కువ వచ్చిన కొలతకే సొరుగు చేయించాలి.

సింకు కింది అరలో చెక్క అనే మాటే వద్దు. తలుపు కూడా అల్యూమినియం చట్రానిదో పీవీసీ పలకదో అయితే మంచిది. మిగిలిన చోట్ల ప్లైవుడ్ కొనేటప్పుడు షాపులో నోటిమాటగా చెప్పే ‘వాటర్‌ప్రూఫ్’ను నమ్మకుండా, పలక మీద అచ్చు వేసిన ఐ.ఎస్.ఐ. గుర్తును, దానితో ఉన్న సంఖ్యను చూడండి. ఐ.ఎస్. 710 తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌ది, ఐ.ఎస్. 303 సాధారణ వాడుకకు ఉద్దేశించిన ప్లైవుడ్‌ది. బయటి వైపు సన్‌మైకా అతికించి లోపలి వైపు ఉత్త చెక్కగా వదిలేసిన తలుపు ఏడాది తిరగకుండానే వంగిపోవచ్చును. రెండు ముఖాలకూ అతికించి, నాలుగు అంచులనూ పట్టీతో మూయించండి. చెదల మందు కొట్టించదలచుకుంటే ఈ పనంతటికీ ముందే కొట్టించాలి.

ప్రశ్న: హైదరాబాదులో ఫ్లాటు కొన్నాము. వంటగది ‘ఎల్’ ఆకారంలో ఉంది. మూల అరలో ‘మ్యాజిక్ కార్నర్’ (లాగితే మూలలోని బుట్టలు బయటికి వచ్చే ఏర్పాటు) పెట్టించమని డిజైనరు పట్టుబడుతున్నారు, దాని ధర వింటే మాకు గుండె ఆగినంత పనైంది. ఫ్రిజ్ చివరన గోడకు ఆనుకుని వస్తుంది. కంప్యూటరులో చూపించిన బొమ్మ మాత్రం చాలా అందంగా ఉంది.

జవాబు: ఆ బొమ్మలో తలుపులన్నీ మూసి ఉంటాయి. అన్ని తలుపులు, సొరుగులు, ఫ్రిజ్ తలుపుతో సహా, తెరిచి ఉన్నట్లు పై నుంచి గీసిన నక్షా ఇమ్మని అడగండి. ఒకదానికొకటి అడ్డం వచ్చే చోట్లు అందులో బయటపడతాయి.

మొదటిది మూల దగ్గరే. అక్కడ కలిసే రెండు వైపుల సొరుగులు మూలకు ఆనించి పెడితే, ఒకటి లాగినప్పుడు పక్కదాని పిడి అడ్డం వస్తుంది. రెండు వైపులా రెండు మూడంగుళాల ఖాళీ పట్టీ వదిలితే ఈ బాధ ఉండదు. రెండోది ఫ్రిజ్. గోడకు పూర్తిగా ఆనించిన ఫ్రిజ్ తలుపు తొంభై డిగ్రీలకు మించి తెరుచుకోకపోతే, లోపలి కూరగాయల ట్రే బయటికి రాకపోవచ్చును. చాలా కంపెనీల ఫ్రిజ్‌లకు ఆ పక్క కొన్ని అంగుళాల చోటు కావాలి. మీ ఫ్రిజ్ తలుపును ఇప్పుడున్న ఇంట్లోనే పూర్తిగా తెరిచి, ట్రే లాగి, కొలత రాసుకోండి. ఆ చోటును ఖాళీగా వదిలేయనవసరం లేదు, సన్నని పట్టీతో మూయించవచ్చును.

మ్యాజిక్ కార్నర్ పనికిరాని వస్తువు కాదు, కానీ అది మింగే డబ్బుతో నాణ్యమైన సొరుగులు మూడైనా వస్తాయి. మూలను ఒక పక్క నుంచి తలుపుతో తెరుచుకునేలా చేసి, సంక్రాంతికీ శ్రావణ మాసానికీ తప్ప దించని గుండిగలను, పెద్ద ఇత్తడి పళ్లాలను అందులోకి నెట్టేయండి. రోజూ వాడే వస్తువు మూలలో లేకపోతే మూలకు యంత్రం ఎందుకు? మిగిలిన డబ్బును స్టవ్వు పక్క సొరుగుల పట్టాలకు ఖర్చు చేయండి. బియ్యం, కుక్కర్లు, గ్రైండరు గిన్నెలు మోసేది అవే కనుక ఎంత బరువు మోస్తాయో కిలోలలో రాసి ఇమ్మనండి.

ప్రశ్న: గ్యాస్ సిలిండరు కనబడకుండా గట్టు కింద తలుపు వేసి దాచేయవచ్చునా? పక్క అరలోనే మంచినీటి ప్యూరిఫయర్ ప్లగ్గు ఉంది. (విజయనగరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: దాచవచ్చును, మూసివేయకూడదు. వంటగ్యాసు గాలి కంటే బరువైనది; లీకైతే పైకి పోకుండా నేల మట్టాన నిలుస్తుంది. అందువల్ల ఆ అర తలుపుకు అడుగున, పైన గాలి ఆడే సందులు తప్పనిసరి. అడుగు పలక వేయకుండా వదిలితే సిలిండరును నేల మీదే దొర్లించి పెట్టుకోవచ్చును. ప్లగ్గును అక్కడి నుంచి తప్పించి గట్టు పైకి మార్పించండి, ఇందులో బేరం లేదు. రబ్బరు గొట్టం ఒకటిన్నర మీటరుకు మించకుండా, సొరుగుల వెనక నుంచీ గోడ లోపలి నుంచీ పోకుండా, తలుపు తీయగానే కనబడేలా ఉండాలి. గ్యాస్ కంపెనీలు ‘సురక్ష’ పేరుతో ఇచ్చే ఈ రబ్బరు గొట్టాన్ని ఐదేళ్లకు మార్చవలసి ఉంటుంది కాబట్టి చేయి పట్టే చోటు వదలండి. సిలిండరును బాల్కనీలో పెట్టదలచుకుంటే లోహపు పైపు పనిని మీ గ్యాస్ డీలరు పంపిన మెకానిక్‌తోనే చేయించండి.

ప్రశ్న: డాలస్ దగ్గర ఇల్లు కొని వంటగది మార్పిస్తున్నాము. ఏటా వచ్చే మా అమ్మకు ఇక్కడి కౌంటరు ఎత్తు ఎక్కువవుతోంది. స్టవ్వు పైనున్న మైక్రోవేవ్ ఫ్యాను తాళింపు ఘాటును ఇంట్లోనే తిప్పుతోంది.

జవాబు: అమెరికాలో కింది పెట్టెలు ముప్ఫై నాలుగున్నర అంగుళాలు, పైబండ ఒకటిన్నర, మొత్తం 36 అంగుళాల లెక్కన వస్తాయి. మీరు ఏడాదంతా వాడుకునే కౌంటరును మొత్తంగా తగ్గించకండి. పెట్టెలు విడి కాళ్ల మీద నిలిచే రకమైతే, కిటికీ పక్కన రెండు మూడడుగుల మేర కాళ్లు తీయించి ఆ భాగాన్ని నాలుగంగుళాలు దించవచ్చును. చపాతీలు వత్తడానికి, కూరలు తరగడానికి అమ్మగారికి అదే చోటు అవుతుంది. ఫ్యాను విషయంలో రాజీ వద్దు. గొట్టం బయటికి పోని ఫ్యాను ఆవిరిని, ఘాటును వడగట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. పెట్టెలకు ఆర్డరు ఇవ్వకముందే గొట్టం పోయే దారి తేల్చుకోండి. కొన్ని రకాల గ్యాసు పరికరాలున్న ఇళ్లలో నిమిషానికి 400 ఘనపుటడుగులకు మించి గాలి లాగే ఫ్యానుకు, బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా ఉండాలని అక్కడి నివాస గృహ నిర్మాణ నియమావళి చెబుతుంది. మీ ఊరి పర్మిట్ కార్యాలయంలో ఆ నిబంధన ఎలా అమలవుతోందో అడిగి, ఆ తరువాతే ఫ్యాను ఎంచుకోండి.